పట్టు, విడుపు

నల్లరేగడిలో పత్తి వేసిన రైతును దసరా ముందు ఎవరు పలకరించినా మొదట అడిగేది ‘కాయ పట్టిందా?’ అనే. పూత ఎంత విరగబూసినా కాయ పట్టకపోతే ఆ చేను లెక్కలోకి రాదు. మిరపకు పిందె పట్టాలి, దుక్కికి పదును పట్టాలి, వేళకు మబ్బు పట్టాలి, ఆకుకు బొబ్బర పట్టకూడదు. కల్లంలో ఎండిన కాయను యార్డుకు తోలేటప్పుడు టిక్కీలో ఎన్ని కిలోలు పట్టాయో చూసుకోవాలి. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఈ మైదానంలో ఒక పంటకాలాన్ని మొత్తం ఈ ఒక్క క్రియతో చెప్పేయవచ్చు. దానికి ఎదురుగా నిలబడే క్రియ విడుచు. వాన విడవకుండా కురిస్తే ఆరబోసిన కాయ రంగు పోతుంది. గట్టు తగాదాలో అన్నదమ్ములు పంతం విడవకపోతే కోర్టు మెట్లెక్కుతారు. ‘కాస్త పట్టువిడుపులు ఉండాలయ్యా’ అని పెద్దవాళ్ళు మందలిస్తారు.

రాగి, వెండి, బేరియం, బంగారం, సీసం, యురేనియం. ఇనుముకంటే బరువైన ఈ మూలకాలు ఆకాశంలో ఎలా పుట్టాయో చెప్పడానికి తెలుగులో మాటలు వెతుకుతూ పోతే ఈ జంట దగ్గరే ఆగిపోయాను. ఇంతకంటే సూటిగా ఆ పనిని చెప్పే జంట మన భాషలో మరొకటి ఉందనుకోను.

పట్టు అచ్చతెలుగు మాట. తమిళంలో దీని తోబుట్టువు పఱ్ఱు. అక్కడ ఱ్ఱ ఉన్నచోట మనకు ట్ట రావడం మామూలే: వాళ్ళ చుఱ్ఱు మన చుట్టు, వాళ్ళ పుఱ్ఱు మన పుట్ట. పట్టుచీరలోని పట్టు వేరే ఇంటిది, సంస్కృతంలోని పట్టం నుంచి వచ్చి చేరింది. 1852లో అచ్చయిన సి.పి. బ్రౌన్ నిఘంటువు తిరగేస్తే పట్టు కింద అర్థాలు బారుగా సాగుతాయి. కుస్తీలో పట్టు, తేనెపట్టు, నొప్పికి వేసే పట్టు, మాట మీద పట్టు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆపేది ఒక చిత్రమైన వాడుక: ఇనుముకు తుప్పు పట్టింది, ఒంటికి చెమట పట్టింది, కంటికి నిద్ర పట్టింది. ఈ వాక్యాల్లో చెయ్యి చాచి పట్టుకున్నవాడు ఎవడూ లేడు. ఏదో వచ్చింది, వచ్చి నిలిచిపోయింది. తెలుగులో పట్టడానికి పట్టేవాడి ఉద్దేశం అక్కర్లేదు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

విడుచుకు తమిళంలో విడు, కన్నడంలో బిడు చుట్టాలు. గెలుచుకు గెలుపు, తలచుకు తలపు ఎలాగో విడుచుకు విడుపు అలాగ. ఈ రెండు ధాతువుల మీదా ఒకే ప్రత్యయం వాలి పట్టుదల, విడుదల అనే మాటలనిచ్చింది. ఒకటి మనిషి గుణమైంది, మరొకటి జైలు తలుపు దగ్గరి మాటైంది. ప్రత్యయం ఒకటే అయినా బతుకులు వేరయ్యాయి.

తెలుగునాట ఈ జంట ఎప్పుడో ఆకాశానికి ఎక్కింది. గ్రహణం పట్టేవేళ చేసేది పట్టుస్నానం, విడిచాక చేసేది విడుపుస్నానం. సంస్కృతంలో గ్రహణం అన్నా పట్టుకోవడమే. గ్రహ్ ధాతువుకు అర్థం అది. పాణిగ్రహణం అంటే చెయ్యి పట్టడం, గ్రహం అంటే పట్టేది. మన ఇళ్ళలో ‘గ్రహణం పట్టింది’ అన్నప్పుడు ఒకే అర్థాన్ని రెండు భాషల్లో వెంటవెంటనే అంటున్నాం.

అలాంటి ఒక పట్టు గుంటూరు పేరును ఖగోళశాస్త్ర చరిత్రలోకి ఎక్కించింది. విభవ నామ సంవత్సరం, శ్రావణ అమావాస్య, 1868 ఆగస్టు 18, మంగళవారం. ఆ ఉదయపు సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ బందరుకు వచ్చాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. గుంటూరులో రెండు బృందాలు దిగాయి. ఒకటి ఇంగ్లీషువాడైన టెనెంట్‌ది, రెండోది ఫ్రాన్సు నుంచి వచ్చిన పియెర్ జూల్ జాన్సెన్‌ది. వెలుగును రంగులుగా విడగొట్టే వర్ణపటమాపకాన్ని జాన్సెన్ వెంట తెచ్చుకున్నాడు. సూర్యబింబం పూర్తిగా పట్టుపడి ఉన్న అయిదు నిమిషాల పైచిలుకులో, అంచుల నుంచి ఎగసే జ్వాలల కాంతిలో ప్రకాశవంతమైన గీతలు చూశాడు. అవి వేడికి వెలిగే హైడ్రోజన్ వాయువు గీతలు. అవి ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, వీటిని చూడటానికి గ్రహణం దేనికన్న ఆలోచన అతనికి అక్కడే తట్టింది. మర్నాడు, గ్రహణం లేని మామూలు సూర్యుడి మీద, గుంటూరులోనే ఆ గీతలను మళ్ళీ చూశాడు. సూర్యుణ్ణి చదవడానికి అమావాస్యల కోసం ఎదురుచూసే రోజులు అలా ముగిశాయి.

‘హీలియంను గుంటూరులో కనిపెట్టారు’ అని మనవాళ్ళు చెప్పుకుంటారు. అభిమానం మంచిదే గానీ జరిగింది ఇంకాస్త విస్తారమైన కథ, అది తెలిస్తే గుంటూరు గౌరవమేమీ తగ్గదు. ఆనాటి జ్వాలల కాంతిలో ఒక పసుపు గీత కూడా ఉంది. దాన్ని సోడియంది అనుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండు నుంచి నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే చూసి, సోడియం గీతలకు అది పక్కన ఉందని తేల్చాడు. దాని తరంగదైర్ఘ్యం 587.6 నానోమీటర్లు. భూమి మీద ఏ పదార్థమూ ఆ గీతనిచ్చినట్టు ఎరగరు. గ్రీకులో సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పడింది. ఆ పదార్థం చేతికి దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. లండన్లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేడిచేసి, వెలువడిన వాయువులో ఆ పసుపు గీతను చూశాడు. సూర్యుడి అంచున కనబడ్డదాన్ని 27 ఏళ్ళకు ఒక రాయి విడిచింది. 1908లో రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ కలిసి చేసిన ప్రయోగం దీని గుట్టు బయటపెట్టింది: యురేనియం లాంటి మూలకాలు విసిరే ఆల్ఫా కణం హీలియం కేంద్రకమే. రాయి లోపల యురేనియం కోట్ల ఏళ్ళుగా విడుస్తూ వచ్చిన హీలియం అది.

సూర్యుడిలో హైడ్రోజన్ కలిసి హీలియం అవుతుంది. యురేనియం విడిపోతూ హీలియంను వదులుతుంది. మొదటిది అర్థమవుతుంది. మరి విడిచేంత బరువును యురేనియం ఎక్కడ, ఎలా పోగుచేసుకుంది?

నక్షత్రం తేలిక కేంద్రకాలను కలిపి బరువైనవి చేస్తూ పోతుంది, ప్రతి కలయికలోనూ శక్తి మిగులుతుంది. ఇనుము, నికెల్ దగ్గరకు వచ్చేసరికి ఆ మిగులు ఆగిపోతుంది. అక్కడ కేంద్రకంలోని ఒక్కో కణం సుమారు 8.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల బంధంలో ఉంటుంది, అంతకంటే గట్టి బంధం ఏ కేంద్రకంలోనూ లేదు. ఆపైన కలపాలంటే శక్తి ఎదురు పెట్టాలి. పైగా ఇనుములో 26 ప్రోటాన్లున్నాయి, దగ్గరకొచ్చే మరో కేంద్రకాన్ని అవి తోసేస్తాయి. చీమకుర్తి గనుల్లోంచి ప్రపంచమంతా వెళ్ళే గెలాక్సీ గ్రానైటును చూసినప్పుడు నాకు ఈ హద్దే గుర్తొస్తుంది. నల్లరాతిలో బంగారు రవ్వల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిసింది. గెలాక్సీ పేరు మోసే ఆ రాయిలో కంటికి మెరిసేవన్నీ ఇనుమూ, దానికంటే తేలికైనవీ. ఇనుము దాటిన వాటికి దారి వేరు.

ఆ దారి న్యూట్రాన్‌ది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి ఏ కేంద్రకమూ దాన్ని తోసేయదు. వచ్చిన న్యూట్రాన్ ఇనుముకు తుప్పు పట్టినంత నిశ్శబ్దంగా పడుతుంది. పట్టడానికి పట్టేవాడి ఉద్దేశం అక్కర్లేదన్న తెలుగు వ్యాకరణం ఇక్కడ అక్షరాలా నిజం. ఇనుము-58 ఒక న్యూట్రాన్ పట్టి ఇనుము-59 అవుతుంది. అది నిలిచే కేంద్రకం కాదు. దాని అర్ధాయువు, అంటే ఉన్నవాటిలో సగం మారిపోవడానికి పట్టే కాలం, 44.5 రోజులు. ఆ లోపలి న్యూట్రాన్లలో ఒకటి ఎలక్ట్రాన్‌ను విడిచి ప్రోటాన్ అయిపోతుంది, ఇనుము-59 కాస్తా కోబాల్ట్-59 అవుతుంది. కోబాల్ట్ మళ్ళీ ఒకటి పట్టి, 5.27 ఏళ్ళ అర్ధాయువుతో ఎలక్ట్రాన్ విడిచి, నికెల్-60 అవుతుంది. పట్టు, విడుపు, మళ్ళీ పట్టు. మూలకాల పట్టికలో ఒక్కో మెట్టూ ఇలాగే ఎక్కాలి. మిరప తోటల్లో కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లోని రాగి చాలావరకు భారీ నక్షత్రాల గర్భంలో ఈ మెట్ల మీదుగా వచ్చిందే.

మన పాఠ్యపుస్తకాలు ఈ రెండో అడుగును బీటా క్షయం అంటాయి. ఆ మాటతో నాకు పేచీ ఉంది. క్షయం అనగానే తెలుగువాడికి తగ్గిపోవడం, కృశించడం, దగ్గు, ఆస్పత్రి. బీటా మార్పులో కేంద్రకం కృశించదు, పరమాణుసంఖ్య ఒకటి పెరుగుతుంది. ప్లాటినం-197 బంగారం-197 కావడాన్ని క్షయం అనడం పిల్లల్ని తప్పుదారి పట్టించడమే. విడుపు అంటే జరిగింది జరిగినట్టు ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్‌ను, దానితోపాటు కంటబడని ఒక యాంటీన్యూట్రినోను విడిచింది, తన కొత్త పేరులోకి వెళ్ళింది.

పట్టుకూ విడుపుకూ మధ్య ఉన్న వ్యవధే ఈ కథలో అసలు పాత్ర. కల్లంలో పరిచిన మిరప మీద వాన ఎలా కురుస్తుందన్నది తలచుకుంటే ఇది ఇట్టే తెలుస్తుంది. నాలుగు రోజులకో జల్లు పడితే కాయ తడుస్తుంది, మళ్ళీ ఆరుతుంది, తర్వాతి జల్లు ఆరిన కాయ మీదే పడుతుంది. విడవని వాన అయితే ఆరే తీరిక ఉండదు, తడి మీద తడి ఎక్కుతూ పోతుంది. న్యూట్రాన్లు అరుదుగా వచ్చేచోట కేంద్రకానికి తర్వాతి పట్టు లోపల విడుపుకు సమయం దొరుకుతుంది. ఇది మెల్లపట్టు. కుండపోతగా వచ్చేచోట విడుపుకు తెరిపి ఉండదు, ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉంటాయి. ఇది వడిపట్టు. ఈ రెండు పేర్లూ నేను పెట్టుకున్నవి. ఈ రెండు దారులనూ విడివిడిగా గుర్తించి లెక్కగట్టింది 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ కలిసి రాసిన వ్యాసం. అదే ఏడాది ఆలిస్టర్ కామెరాన్ ఒంటరిగా అక్కడికే చేరాడు.

మెల్లపట్టుకు సాక్ష్యం అంతకు ముందే దొరికింది. 1952లో పాల్ మెరిల్ కొన్ని ఎర్రని వృద్ధ నక్షత్రాల వర్ణపటంలో టెక్నీషియం గీతలు చూశాడు. టెక్నీషియంలో నిలిచే ఐసోటోపు ఒక్కటీ లేదు, ఈ నక్షత్రాల్లో పుట్టే టెక్నీషియం-99 అర్ధాయువు సుమారు 2.1 లక్షల ఏళ్ళు. కోట్ల ఏళ్ళ నక్షత్రంలో అది కనబడిందంటే అక్కడ నిన్నమొన్న తయారైందన్నమాట. ఈ నక్షత్రాల్లో ఘన సెంటీమీటరుకు కోటి నుంచి పది కోట్ల దాకా న్యూట్రాన్లు ఉంటాయి. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది గానీ ఒక కేంద్రకానికి పట్టుకూ పట్టుకూ మధ్య ఏళ్ళు గడుస్తాయి.

ఏ కేంద్రకం ఎంత సులువుగా పడుతుందన్నది కొలవడానికి శాస్త్రజ్ఞులు వాడే కొలత పేరు బార్న్. ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు ఈ మాట కొత్తది కాదు. టంగుటూరు, కొండపి, కందుకూరు చుట్టూ వర్జీనియా పొగాకు కాల్చే ఎత్తైన గదులను ‘బ్యారన్’ అంటారు. అది ఆ మాటే. 1942లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు, న్యూట్రాన్ దృష్టిలో యురేనియం కేంద్రకం ధాన్యపు కొట్టమంత వెడల్పని సరదాగా అనుకుని ఆ పేరు పెట్టారు. ఒక బార్న్ అంటే చదరపు సెంటీమీటరును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ వెయ్యి కోట్ల భాగాలు చేస్తే వచ్చేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మారుపేరుగా పుట్టిన ఆ మాటే ఈనాటికీ వాడుకలో ఉన్న కొలత.

ఆ కొలతల్లో కేంద్రకాల స్వభావాలు ఎంత తేడాగా ఉంటాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నక్షత్రం లోపలి వేడికి బంగారం-197 పట్టు వైశాల్యం సుమారు 0.6 బార్న్. సీసం-208ది అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. బంగారం ఇట్టే పడుతుంది, సీసం దాదాపు పట్టనే పట్టదు. దీనికి కారణం 1949లో మరియా గోపెర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ విడివిడిగా వివరించారు, ఇద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు అరల్లో సర్దుకుంటాయి. 50, 82, 126 దగ్గర అర నిండిపోతుంది. నిండిన అరకు ఇంకొక న్యూట్రాన్ అక్కర్లేదు. సీసం-208లో ప్రోటాన్లు 82, న్యూట్రాన్లు 126. రెండు అరలూ నిండినవే.

ఇక్కడే ఈ మాట మన అలవాటుకు అడ్డం తిరుగుతుంది. పట్టుదల ఉన్నవాడు కూడబెడతాడని మనం అంటాం. మెల్లపట్టులో లెక్క తలకిందులు. సులువుగా పట్టే కేంద్రకం వచ్చింది వచ్చినట్టు తర్వాతి దానిగా మారిపోతుంది, మిగలదు. పట్టనిదే పోగుపడుతుంది. అరల మధ్య విస్తరించిన కేంద్రకాల్లో పట్టు వైశాల్యాన్ని అవి పోగైన మొత్తంతో గుణిస్తే ఫలితం దాదాపు ఒకే అంకెగా వస్తుంది. ఒకటి పెరిగితే రెండోది తరుగుతుంది. విశ్వంలో స్ట్రాన్షియం, యిట్రియం, జర్కోనియం ఒక గుంపుగా, బేరియం, లాంథనం, సీరియం ఒక గుంపుగా, చివర్లో సీసం పక్కవాటికంటే ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. 50 దగ్గర ఒక మజిలీ, 82 దగ్గర ఒకటి, 126 దగ్గర ఒకటి.

ఆ సీసం మన పల్నాటి రాతిలో ఉంది. వినుకొండ వైపు అగ్నిగుండాల ప్రాంతంలో, బండలమొట్టు దగ్గర హిందూస్థాన్ జింక్ సంస్థ సీసపు గని నడిపింది. డోలమైటు రాతిలో గలీనా అనే సీసపు ఖనిజం. గని మూతబడి చాలా ఏళ్ళయింది. ఆ ఊరికి అగ్నిగుండాల పేరు ఏ జాతరలో నిప్పులు తొక్కడం వల్ల వచ్చిందో, మరి దేనివల్ల వచ్చిందో గానీ, అందులోని సీసానికి మాత్రం ఆ పేరు సరిగ్గా అమరింది. దానిలో పెద్ద భాగం ఆరిపోవడానికి సిద్ధమైన ఎర్ర నక్షత్రాల పొరల్లో, ఒక్కొక్క న్యూట్రాన్ చొప్పున, లక్షల ఏళ్ళ మీద పోగైంది.

సీసం దాటితే మెల్లపట్టుకు దారి మూసుకుపోతుంది. బిస్మత్-209 ఒక న్యూట్రాన్ పట్టి బిస్మత్-210 అవుతుంది, అయిదు రోజుల అర్ధాయువుతో ఎలక్ట్రాన్ విడిచి పొలోనియం-210 అవుతుంది, 138 రోజుల అర్ధాయువుతో అది ఆల్ఫా కణాన్ని విడిచి సీసం-206 అయిపోతుంది. ఎక్కిన మెట్లు దిగి మళ్ళీ సీసంలోకే. మెల్లగా వెళ్ళేవాడికి ఈ సుడి దాటే దారి లేదు. యురేనియం, థోరియం దాకా చేరాలంటే విడుపుకు వ్యవధి ఇవ్వని కుండపోత కావాలి.

ఆ కుండపోత 2017 ఆగస్టు 17న మన కళ్ళబడింది. గుంటూరు గ్రహణానికి 149 ఏళ్ళు నిండటానికి ఒక్క రోజు తక్కువ. యాదృచ్ఛికమే, అయినా ఆ తేదీ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. గురుత్వ తరంగాలను లైగో, వర్గో అనే శోధక యంత్రాలు పట్టాయి. 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు వచ్చింది. కొన్ని గంటలకు దుర్భిణుల్లో నీలంగా కనిపించిన వెలుగు రోజుల్లో ఎర్రబారింది. లాంథనం కుటుంబపు మూలకాలైన లాంథనైడులు పుట్టినచోట వెలుగు అలా ఎర్రగా మసకబారుతుందని ముందే లెక్కగట్టి ఉన్నారు. ఆ వెలుగులో స్ట్రాన్షియం గుర్తును 2019లో చదివారు. ఆ ఒక్క ఢీలో వేల భూముల బరువంత కొత్త పదార్థం బయటికి చిమ్మింది. జాన్సెన్ మోసుకొచ్చిన పద్ధతే ఇది, వెలుగును గీతలుగా విడదీసి మూలకం పేరు చదవడం.

అలాంటిచోట ఘన సెంటీమీటరుకు పది లక్షల కోట్ల కోట్లకు మించి న్యూట్రాన్లు ఉంటాయి. మొత్తం పని ఇంచుమించు సెకనులో అయిపోతుంది. అయినా అక్కడా అరల మాట చెల్లుతుంది. ఇనుము ప్రాంతపు కేంద్రకం ఒకటి న్యూట్రాన్లు పడుతూ పడుతూ 82 న్యూట్రాన్ల గట్టు దగ్గర తడబడుతుంది. అప్పటికి దానిలో ప్రోటాన్లు 48 మాత్రమే. అది కాడ్మియం-130, సెకనులో ఎనిమిదో వంతు అర్ధాయువున్న కేంద్రకం. అంత హడావిడిలో సెకనులో ఎనిమిదో వంతు అంటే చాలా పెద్ద మజిలీ. కుండపోత ఆగాక అది ఒక్కో ఎలక్ట్రాన్‌నూ విడుచుకుంటూ ఇండియం, తగరం, ఆంటిమొని మీదుగా టెల్లూరియం-130 అవుతుంది. ఇదే 82 గట్టు మెల్లపట్టులో బేరియంను పోగుచేసింది, వడిపట్టులో టెల్లూరియంను పోగుచేస్తుంది. 126 దగ్గర కూడా అంతే. మెల్లగా వచ్చినవాళ్ళకు అక్కడ సీసం. వడిగా వచ్చినవాళ్ళు ఇంకా 70 ప్రోటాన్లు కూడా నిండకముందే అక్కడ ఆగుతారు, తర్వాత విడుపుల మీద విడుపులతో ఆస్మియం, ఇరిడియం, ప్లాటినం, బంగారం అవుతారు.

సీసమూ బంగారమూ ఒకే గట్టు దగ్గర, రెండు వేర్వేరు వడుల్లో ఆగినవి. మాచర్ల పక్కనే ఉన్న నాగార్జునకొండ ప్రాంతాన్ని శ్రీపర్వతంగా చెప్పి, హీనలోహాన్ని బంగారం చేయగల రసవాదిగా సిద్ధనాగార్జునుణ్ణి తలచుకునే ఐతిహ్యం మనకుంది. సీసాన్ని బంగారం చేయాలని తపించిన వాళ్ళందరూ ఏ లోకంలో ఉన్నా ఈ సంగతి వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా పుట్టుకనాటి తొందర.

ఆ మాచర్ల దగ్గరే కొప్పునూరు ఉంది. అణుఖనిజాల అన్వేషణ సంస్థ అక్కడ భూగర్భంలో యురేనియం నిక్షేపాన్ని గుర్తించింది. పాత గ్రానైటు, దాని మీద పరుచుకున్న క్వార్ట్జైటు కలిసే చోట. యురేనియం మెల్లపట్టులో పుట్టదు కాబట్టి కొప్పునూరు రాతిలోని ప్రతి యురేనియం పరమాణువూ భూమి ఏర్పడకముందు ఎక్కడో జరిగిన వడిపట్టుకు వారసురాలు. యురేనియం-238 అర్ధాయువు దాదాపు 447 కోట్ల సంవత్సరాలు, అంటే ఇంచుమించు భూమి వయసు. అది ఎనిమిది ఆల్ఫా కణాలు విడిచి సీసం-206 అవుతుంది. ఒక్కో పరమాణువు ఎనిమిది హీలియంలను విడుస్తుందన్నమాట. అందుకే పల్నాటి గుట్టల్లో సీసం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ఎర్ర నక్షత్రాల్లో ఎక్కుతూ వచ్చి ఆగిన సీసం, రెండోది యురేనియం నుంచి దిగుతూ వచ్చి ఆగిన సీసం. రాళ్ళ వయసు కట్టేవాళ్ళు ఈ రెండింటి పాళ్ళను ఐసోటోపుల వారీగా విడదీసి చూస్తారు.

విడుపును కొలవడంలో తెలుగునేలకు సొంత పరంపర ఉంది. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు చేశారు. తర్వాత యూరపు వెళ్ళి భౌతికశాస్త్రం చదివి పరిశోధకుడయ్యారు. తిరిగొచ్చి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు. ఆ ప్రయోగశాల ప్రధానంగా పట్టుబట్టి చేసిన పని కేంద్రకాలు విడిచే బీటా, గామా కిరణాల శక్తిని కొలవడం. అన్నీ విడిచిన మనిషి విడుపులను కొలవడం మీద ఇంత పట్టు సాధించడం నాకు చాలా ఇష్టమైన సంగతి. ఏ కేంద్రకం ఎంతలో విడుస్తుందో తెలియకపోతే నక్షత్రాల లెక్క ఒక్క అడుగు కదలదు.

ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదు. వడిపట్టు దారిలోని కేంద్రకాల్లో చాలావాటిని ఇంతవరకు ప్రయోగశాలలో ఎవరూ చేయలేకపోయారు. వాటి బరువు, అర్ధాయువు, పట్టు వైశాల్యం సిద్ధాంతాల మీద ఊహించినవే. ఆ ఊహ కాస్త మారితే లెక్కలో బంగారం పాలు మారిపోతుంది. 126 గట్టు దగ్గరివి మరీ దూరం. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ, అమెరికాలో 2022లో పని మొదలుపెట్టిన మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు యంత్రం ఆ వైపుకే ఒక్కొక్క కేంద్రకంగా జరుగుతున్నాయి. నా పేచీ మళ్ళీ మాటల దగ్గరకే వస్తుంది. వీటి ఫలితాలు తెలుగులోకి వచ్చేటప్పటికి క్షయం బదులు విడుపును, న్యూట్రాన్ పట్టును వాడమని పుస్తకాలు రాసేవాళ్ళను అడుగుతాను. స్థిరం అన్న మాటను కూడా కాస్త జాగ్రత్తగా వాడమంటాను. బిస్మత్-209ను తరాల తరబడి స్థిరమైన కేంద్రకాల్లో చివరిదిగా పిల్లలకు చెప్పారు. 2003లో ఫ్రాన్సులోని ఒర్సేలో, పరమశూన్యానికి దగ్గరగా చల్లబరచిన బిస్మత్ స్ఫటికంలో అది ఆల్ఫా కణాన్ని విడవడం కొలిచారు. దాని అర్ధాయువు సుమారు 2 లక్షల కోట్ల కోట్ల సంవత్సరాలు. విశ్వం వయసు ఇప్పటికి 1,380 కోట్ల సంవత్సరాలు.